ఫోర్ట్రాన్ మాడ్యూళ్లు, మేక్‌ఫైలు: ఏది ముందు, ఏది తరువాత?

గోదావరి నీరు ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నిలిచి, బొబ్బర్లంక తలుపుల గుండా మధ్య డెల్టా ప్రధాన కాలువలో ప్రవేశించి, లొల్ల లాకులు దాటి శాఖా కాలువలకు, వాటినుండి పిల్ల కాలువలకు, చివరకు పొలం గట్టు వెంట సాగే బోదెకు చేరుతుంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించిన ఈ ఏర్పాటులో ఒక క్రమం ఉంది. పై కాలువకు నీరు రానిదే క్రింది కాలువకు రాదు. ముమ్మిడివరం పరిసరాలలో సేద్యం చేసే రైతుకు ఈ సత్యాన్ని ఎవరూ బోధించనక్కరలేదు.

కంప్యూటరు ప్రోగ్రాముల నిర్మాణంలో కూడా ఇటువంటి క్రమమే ఉంది. ఒక భాగం సిద్ధమైన తరువాతనే దానిపై ఆధారపడిన మరియొక భాగం సిద్ధం కాగలదు. ఈ క్రమాన్ని యంత్రానికి సరిగా తెలియజేయకపోతే కలిగే నష్టం రెండు విధాలు. మొదటిది, పని మధ్యలో ఆగిపోవడం. ఇది కంటికి కనిపించే నష్టం. రెండవది, పని పూర్తయినట్లే కనిపించి తప్పు ఫలితం రావడం. ఈ రెండవదే ప్రమాదకరమైనదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం. ఫోర్ట్రాన్ భాషలోని మాడ్యూళ్లను, మేక్ అనే సాధనాన్ని ఉదాహరణగా గ్రహించి ఈ విషయాన్ని వివరించదలచాము.

ఈ భాష మనకెందుకు?

ఫోర్ట్రాన్ పాతబడిన భాష అని కొందరు విద్యార్థులు భావిస్తారు. జాన్ బాకస్ నాయకత్వాన ఐ.బి.ఎం. 704 యంత్రం కొరకు 1957లో వెలువడిన భాష అది. వయస్సులో పెద్దదే. కాని వాతావరణ శాస్త్రంలోను, సముద్ర శాస్త్రంలోను నేటికీ భారమంతా మోస్తున్నది ఎక్కువగా ఈ భాషయే. భారత వాతావరణ శాఖ వినియోగించే డబ్ల్యు.ఆర్.ఎఫ్. అనే నమూనా ఫోర్ట్రాన్‌లో వ్రాయబడినది. హైదరాబాదులో 1999లో స్థాపితమైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, తుఫాను ఉప్పెనలను అంచనా వేయడానికి వినియోగించే ఆడ్‌సర్క్ నమూనా, సముద్ర స్థితిని ముందుగా తెలుపుటకు వినియోగించే రోమ్స్ నమూనా కూడా ఈ భాషలోనివే.

ఉప్పెన అనే మాట మన ప్రాంతంలో నిఘంటువులో చూసి తెలుసుకొనేది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల మందిని బలిగొన్నది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాలను అతలాకుతలం చేసింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఇటువంటి గాలి ఎంత వేగంతో వీస్తుంది, సముద్రం ఎన్ని అడుగులు లేస్తుంది అని ముందుగా లెక్కగట్టే ప్రోగ్రాములలో నిర్మాణ దోషం ఉంటే దాని పర్యవసానమెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. కనుక కోనసీమ విద్యార్థికి ఈ పాఠం దూరపు విషయం కాదని మా అభిప్రాయం.

మాడ్యూలు అనగా నేమి?

ఫోర్ట్రాన్ 77 వరకు ప్రోగ్రాములోని భాగాలు ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండానే వేర్వేరుగా కంపైలు అయ్యేవి. ఒక ఫైలులోని సబ్‌రొటీనును మరొక ఫైలు పిలిచినపుడు ఎన్ని విలువలు పంపాలో, అవి పూర్ణాంకాలో దశాంశాలో కంపైలర్ సరిచూసేది కాదు. అన్నీ సిద్ధమైన తరువాత లింకర్ వాటిని పేర్లను బట్టి కలిపేది. కాబట్టి ఏ ఫైలును ముందు కంపైలు చేసినా పనికి అడ్డు లేదు. స్వేచ్ఛ ఉన్నది గాని రక్షణ లేదు.

ఫోర్ట్రాన్ 90 ప్రమాణం ఈ లోపాన్ని సరిదిద్దుతూ మాడ్యూలును ప్రవేశపెట్టింది. స్థిరాంకాలను, చలరాశులను, సబ్‌రొటీనులను ఒకచోట చేర్చి పేరు పెట్టిన సముదాయమే మాడ్యూలు. మరొక ఫైలు 'యూజ్' అనే మాటతో దానిని రప్పించుకుంటుంది. మాడ్యూలు ఉన్న ఫైలును కంపైలు చేసినపుడు రెండు ఫైళ్లు పుడతాయి. ఒకటి యంత్ర భాషలో ఉండే ఆబ్జెక్టు ఫైలు. దాని పేరు చివర 'ఓ' అని ఉంటుంది. రెండవది ఆ మాడ్యూలులో ఏయే పేర్లు ఉన్నవో, అవి ఏ రకానివో తెలిపే సమాచార ఫైలు. దాని చివర 'మోడ్' అని ఉంటుంది. 'యూజ్' అన్న మాట కనబడగానే కంపైలర్ ఈ మోడ్ ఫైలును వెదకి చదువుతుంది. అది లేకపోతే ముందుకు సాగదు.

సి భాష నేర్చిన విద్యార్థులు ఇచ్చట ఒక భేదాన్ని గమనించాలి. సి భాషలోని హెడర్ ఫైలును మనిషి స్వయంగా వ్రాస్తాడు. అది మొదటినుండీ సిద్ధంగా ఉంటుంది. ఫోర్ట్రాన్‌లోని మోడ్ ఫైలు అట్లు కాదు. అది కంపైలేషను వలన పుట్టే వస్తువు. అందువలననే ఇచ్చట క్రమం అనివార్యమైనది.

ఒక చిన్న ఉదాహరణ

నాలుగు ఫైళ్లతో ఉప్పెన ఎత్తును లెక్కించే చిన్న ప్రోగ్రామును ఊహించుదాం. పాఠకుల సౌకర్యార్థం పేర్లను, ఆదేశాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాము. యంత్రం మీద వాటిని రోమను లిపిలో వ్రాసుకోవాలి.

స్థిర: గురుత్వ త్వరణం, కొలతల మార్పిడికి కావలసిన సంఖ్యలు వంటి స్థిరాంకాలు.
గాలి: తుఫాను గాలి ఒత్తిడిని లెక్కించేది. స్థిరను వాడుకుంటుంది.
ఉప్పెన: నీటిమట్టాన్ని లెక్కించేది. స్థిరను, గాలిని వాడుకుంటుంది.
ముఖ్య: ప్రధాన ప్రోగ్రాము. స్థిరను, ఉప్పెనను వాడుకుంటుంది.

ఈ ఫైళ్లను అకారాది క్రమంలో కంపైలర్‌కు అందిస్తే ఉప్పెన మొదట వస్తుంది, స్థిర చివరకు వస్తుంది. ఉప్పెనను చదవగానే కంపైలర్ 'స్థిర.మోడ్ కనబడలేదు' అని ఆగిపోతుంది. సరియైన క్రమం స్థిర, గాలి, ఉప్పెన, ముఖ్య. నాలుగు ఫైళ్లున్నపుడు దీనిని చేతితో నడపవచ్చు. నాలుగువందల ఫైళ్లున్నపుడు అది మనిషి వల్ల అయ్యే పని కాదు. అప్పుడు మేక్ అవసరమౌతుంది.

మేక్ చేసే పని

మేక్‌ను బెల్ లాబరేటరీస్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో రూపొందించాడు. దాని పుట్టుకకు కారణం గమనింపదగినది. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకనాడు ఉదయమంతా ఒక ప్రోగ్రాములో తప్పు వెదికాడు. నిజానికి ఆ తప్పును అప్పటికే సరిదిద్దాడు. కాని సరిదిద్దిన ఫైలును మరల కంపైలు చేయలేదు. పాత ఆబ్జెక్టు ఫైలే ప్రోగ్రాములో చేరింది. ఒప్పును తప్పుగా భ్రమింపజేసే ఈ స్థితిని తొలగించడానికే మేక్ పుట్టింది.

మేక్‌ఫైలులోని ప్రతి నియమానికి మూడు అంగాలుంటాయి: తయారు కావలసిన లక్ష్యం, అది ఆధారపడిన ఫైళ్లు, తయారు చేసే ఆదేశం. ఆదేశపు పంక్తి ట్యాబ్ గుర్తుతో మొదలు కావాలి. మన ఉదాహరణకు నియమాలివి:

స్థిర.ఓ : స్థిర.ఎఫ్90
        జీఫోర్ట్రాన్ -సి స్థిర.ఎఫ్90

గాలి.ఓ : గాలి.ఎఫ్90 స్థిర.ఓ
        జీఫోర్ట్రాన్ -సి గాలి.ఎఫ్90

ఉప్పెన.ఓ : ఉప్పెన.ఎఫ్90 స్థిర.ఓ గాలి.ఓ
        జీఫోర్ట్రాన్ -సి ఉప్పెన.ఎఫ్90

ముఖ్య.ఓ : ముఖ్య.ఎఫ్90 స్థిర.ఓ ఉప్పెన.ఓ
        జీఫోర్ట్రాన్ -సి ముఖ్య.ఎఫ్90

మేక్‌కు ఫోర్ట్రాన్ రాదు. అది ఫైలు లోపల ఏమున్నదో చదవదు. చూసేది ఒక్కటే: లక్ష్యం మీద ఉన్న కాలముద్ర, ఆధారాల మీద ఉన్న కాలముద్ర. ఆధారాలలో ఏదైనా లక్ష్యం కంటె క్రొత్తదైతే ఆదేశాన్ని నడుపుతుంది, లేనిచో ఊరకుంటుంది. ఈ సరళత్వమే దాని బలం, దాని పరిమితి కూడా. ఆధారాన్ని మనం వ్రాస్తేనే దానికి తెలుస్తుంది. వ్రాయని ఆధారం దాని దృష్టిలో లేనట్లే.

అడ్డదారుల వలన అనర్థం

ఆధారాలను వ్రాసే శ్రమకు ఓర్వలేక కొందరు ఆబ్జెక్టు ఫైళ్ల జాబితాను సరియైన వరుసలో పెట్టి ఊరుకుంటారు. మేక్ ఒకదాని తరువాత ఒకటిగా ఎడమనుండి కుడికి పని చేసినంత కాలం ఇది నడుస్తుంది. కాని నేటి యంత్రాలలో ఎనిమిది, పదహారు ప్రాసెసర్లుండటం సాధారణం. కాలం కలిసివచ్చుటకై 'మేక్ -జె 8' అని ఆదేశిస్తే ఎనిమిది ఫైళ్లు ఒకేసారి కంపైలేషనుకు పోతాయి. స్థిర పూర్తి కాకమునుపే గాలి మొదలై, మోడ్ ఫైలు లేక ఆగిపోతుంది. జాబితాలోని వరుస మేక్‌కు ఒక నియమం కాదు, కేవలం యాదృచ్ఛికం.

అటువంటపుడు 'మేక్‌ను రెండుసార్లు నడపండి, సరిపోతుంది' అనే సలహా తరచుగా వినబడుతుంది. నిజమే, మొదటి సారి స్థిర.మోడ్ పుట్టింది గనుక రెండవసారి గాలి కంపైలు అవుతుంది. కాని ఇది వ్యాధిని దాచే మందు. మరునాడు స్థిరలో ఒక మార్పు చేసి మరల మేక్‌ను నడిపితే, నిన్నటి మోడ్ ఫైలు డైరెక్టరీలో ఉండనే ఉన్నది. ఈసారి దోష సందేశం రాదు. గాలి పాత సమాచారంతోనే మిగిలిపోతుంది.

దీని తీవ్రతను అంకెలలో చూద్దాం. తుఫాను గాలి వేగం నాట్లలో అందుతుందని, దానిని సెకనుకు మీటర్లలోకి మార్చే సంఖ్య స్థిరలో ఉన్నదని అనుకుందాం. ఒక నాటు గంటకు 1,852 మీటర్లు. 3,600తో భాగిస్తే సెకనుకు 0.514 మీటర్లు. ఎవరో పొరపాటున అంకెలు తారుమారు చేసి 0.415 అని వ్రాశారు. తరువాత ఆ తప్పును కనిపెట్టి 0.514గా దిద్దారు. కాని మేక్‌ఫైలులో గాలి.ఓ నియమంలో 'స్థిర.ఓ' అనే మాట లేదు.

మేక్ ఏమి చేస్తుంది? స్థిరను కంపైలు చేస్తుంది. ముఖ్య నియమంలో ఆధారం సరిగా ఉన్నది గనుక దానినీ చేస్తుంది. గాలి.ఎఫ్90 మారలేదు గనుక గాలి.ఓ జోలికి పోదు. 'పారామీటర్' అని ప్రకటించిన స్థిరాంకపు విలువ దానిని వాడుకొన్న ఫైలు కంపైలైనపుడే ఆ ఆబ్జెక్టు ఫైలులో ఇమిడిపోతుంది. కాబట్టి గాలి.ఓలో 0.415 అట్లే నిలిచి ఉంటుంది. లింకర్‌కు పేర్లు కుదిరితే చాలు, విలువలతో దానికి పని లేదు. ప్రోగ్రాము నిర్మాణం ఏ అడ్డూ లేకుండా పూర్తవుతుంది. ఇంకొక విడ్డూరమేమనగా, ప్రధాన ప్రోగ్రాము ఫలితాల పట్టిక పైన ఆ సంఖ్యను ముద్రిస్తే అది 0.514 అనే ముద్రిస్తుంది! చూసినవారు అంతా సవ్యమని నమ్ముతారు.

లోపల మాత్రం 100 నాట్ల గాలి సెకనుకు 51.4 మీటర్లకు బదులు 41.5 మీటర్లుగా లెక్కకు వస్తుంది. నీటిమీద గాలి చూపే ఒత్తిడి స్థూలంగా వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. కాబట్టి ఒత్తిడి ఉండవలసిన దానిలో నూటికి 65 పాళ్లు మాత్రమే అవుతుంది. గాలి తోసుకువచ్చే నీరు మూడు మీటర్లు లేవవలసిన చోట సుమారు రెండు మీటర్లని ప్రోగ్రాము చెబుతుంది. గోదావరి పాయలకు, సముద్రానికి మధ్య పల్లంగా ఉన్న మన భూములలో ఒక మీటరు నీటికి ఉన్న అర్థం ఏమిటో తీరవాసులనడిగి తెలుసుకోవచ్చు. ఈ ఉదాహరణ కల్పితమే, కాని దానిలోని యంత్ర ప్రవర్తన అక్షరాలా వాస్తవం.

మోడ్ ఫైలు కాలముద్ర

ఇచ్చట ఒక సూక్ష్మ విషయం ఉన్నది. గాలి నిజంగా చదివేది స్థిర.మోడ్‌ను గదా, మరి ఆధారంగా స్థిర.ఓ అని ఎందుకు వ్రాశామని చురుకైన విద్యార్థి ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమైనదే.

ఈ సంచికవంటి పత్రిక అచ్చుపనినే తీసుకుందాం. ఒక వ్యాసంలో రెండు అక్షరదోషాలు దిద్దితే ఆ పుట మాత్రం మారుతుంది, విషయసూచిక మారదు. వ్యాసం రెండు పుటలు పెరిగితే విషయసూచికను కూడా మార్చవలసిందే. ఉర్దూ విభాగానికైనా తెలుగు విభాగానికైనా ఇదే నియమం. మాడ్యూలుకు మోడ్ ఫైలు విషయసూచిక వంటిది. జీఫోర్ట్రాన్ కంపైలర్ మాడ్యూలును మరల కంపైలు చేసినపుడు విషయసూచికలో మార్పు లేకపోతే పాత మోడ్ ఫైలును కదపదు, దాని కాలముద్రను మార్చదు. దీనివలన అనవసరమైన పని తప్పించుకొనే అవకాశం ఉన్నది. కాని మోడ్ ఫైలునే సాధారణ లక్ష్యంగా వ్రాస్తే చిక్కు వస్తుంది. మూల ఫైలు క్రొత్తది, మోడ్ పాతది. కనుక మేక్ నడిపిన ప్రతిసారీ దానిని తయారు చేయడానికి పూనుకుంటూనే ఉంటుంది.

ఆబ్జెక్టు ఫైలు ప్రతి కంపైలేషనులోను క్రొత్తగా పుడుతుంది. దానిమీద ఆధారపడితే ఒక వ్యాఖ్యానపు పంక్తి మార్చినా క్రింది ఫైళ్లన్నీ మరల కంపైలు కావచ్చు. కొంత కాలం వృథా అవుతుంది గాని ఫలితం తప్పదు. నేర్చుకొనే దశలో ఈ మార్గమే శ్రేయస్కరమని మేము సూచిస్తున్నాము. పెద్ద ప్రోగ్రాములలో కాలం ఆదా చేయవలసి వస్తే ఫోర్ట్రాన్ 2008 ప్రమాణంలోని సబ్‌మాడ్యూళ్లను ఆశ్రయించవచ్చు. వాటితో పైకి కనిపించే ప్రకటనలను ఒక ఫైలులోను, లోపలి లెక్కలను మరొక ఫైలులోను ఉంచవచ్చు. లోపలి లెక్క మారినపుడు ఇతరులను కదిలించనవసరం లేదు.

పెద్ద ప్రోగ్రాములలో

పెద్ద నమూనాలలో ఈ పనిని ఎట్లు నిర్వహిస్తారు? రెండు పద్ధతులున్నాయి. డబ్ల్యు.ఆర్.ఎఫ్. నిర్మాతలు చాలాకాలం ఆధారాల జాబితాను ఒక ప్రత్యేకమైన ఫైలులో చేతితో వ్రాసి ఉంచారు. రోమ్స్ నమూనాలో కేట్ హెడ్‌స్ట్రాం వ్రాసిన ఎస్.ఎఫ్.మేక్‌డిపెండ్ అనే పెర్ల్ ప్రోగ్రాము మూల ఫైళ్లను చదివి జాబితాను తానే తయారు చేసింది. సీమేక్ వంటి తరువాతి సాధనాలు ఈ పరిశీలనను తమలోనే ఇముడ్చుకొన్నాయి. నింజా అనే సాధనంలో 2020లో వచ్చిన 1.10 కూర్పు, పని జరుగుతుండగా బయటపడే ఆధారాలను గ్రహించే శక్తిని సంపాదించుకొన్నది.

ఇటువంటి పరిశీలక ప్రోగ్రామును వ్రాయడం మన విద్యార్థులకు మంచి అభ్యాసం. ప్రతి ఫైలును చదివి 'మాడ్యూల్' అనే మాటతో మొదలయ్యే పంక్తినిబట్టి ఆ ఫైలు ఏ మాడ్యూలును ఇస్తున్నదో, 'యూజ్' అనే మాటనుబట్టి దేనిని కోరుతున్నదో వ్రాసుకోవాలి. తరువాత రెండు జాబితాలను జతపరచాలి. నాలుగు జాగ్రత్తలు అవసరం. ఫోర్ట్రాన్‌లో పెద్ద అక్షరాలకు చిన్న అక్షరాలకు భేదం లేదు. 'మాడ్యూల్ ప్రొసీజర్' అనే పంక్తి క్రొత్త మాడ్యూలు కాదు. ఫైలు పేరు, మాడ్యూలు పేరు ఒకటే కానవసరం లేదు. భాషలోనే అంతర్భాగమైన మాడ్యూళ్లకు మూల ఫైలు ఉండదు, వాటిని విడిచిపెట్టాలి.

ఒకొక్కప్పుడు గాలి ఉప్పెనను, ఉప్పెన గాలిని కోరుకొనే స్థితి వస్తుంది. రెండు కాలువలు ఒకదానికొకటి నీరివ్వలేనట్లే ఇదీ అసాధ్యం. మేక్ ఆ వలయాన్ని గుర్తించి హెచ్చరిస్తుంది. రెండింటికీ కావలసిన ఉమ్మడి భాగాన్ని వేరుచేసి మూడవ మాడ్యూలుగా పైన నిలపడమే దీనికి పరిష్కారం.

పరీక్షించు విధానం

మేక్‌ఫైలు పూర్తయిన తరువాత మూడు పరీక్షలు చేయడం మంచిది. మొదట ఆబ్జెక్టు, మోడ్ ఫైళ్లన్నిటినీ తొలగించి 'మేక్ -జె 8' తో నిర్మించాలి. క్రమంలోని లోపాలు చాలావరకు ఇచ్చటనే బయటపడతాయి. ఒకసారి నెగ్గినంత మాత్రాన నమ్మక పలుమార్లు చేయాలి. రెండవది, ఏ మార్పూ లేకుండా మరల మేక్‌ను నడపాలి. ఏ పనీ చేయక ఊరకుంటేనే నియమాలు నిలకడగా ఉన్నట్లు. మూడవది, 'టచ్' అనే ఆదేశంతో ఒక్కొక్క మూల ఫైలు కాలముద్రను మార్చి, 'మేక్ -ఎన్' తో ఏయే ఫైళ్లు కంపైలు కాబోతున్నవో చూడాలి. స్థిరను ముట్టుకొంటే నాలుగూ కదలాలి. ముఖ్యను ముట్టుకొంటే అదొక్కటే కదలాలి. మనం పైన చూసిన 0.415 దోషాన్ని పట్టుకొనేది ఈ మూడవ పరీక్షయే.

విద్యార్థులు సాధారణంగా లెక్క సరిగా ఉన్నదా అని మాత్రమే ఆలోచిస్తారు. సమీకరణం సరియైనదై, స్థిరాంకం సరియైనదై, కంపైలర్ సరియైనదై ఉన్నా, నిర్మాణ క్రమంలో ఒక్క మాట లోపిస్తే ఫలితం తప్పుతుంది. ఏ ఫైలు దేనిపై ఆధారపడిందో వ్రాసేది మనిషి, లేదా మనిషి వ్రాసిన పరిశీలక ప్రోగ్రాము. ఆ ఒక్క మాటను విడువక వ్రాయడం చిన్న శ్రద్ధ. తుఫాను తీరంలో నివసించే మనకు అటువంటి చిన్న శ్రద్ధల విలువ ఎక్కువ. మన కళాశాల విద్యార్థులలో కొందరైనా ముందుముందు అటువంటి హెచ్చరికలు సిద్ధం చేసే కార్యాలయాలలో పని చేయాలని, నాడు ఈ పాఠం వారికి అక్కరకు రావాలని మా ఆకాంక్ష.